గోల్ఫు పోటీలో సాధన దినము

మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో గోల్ఫు ఆడినవారు ఉందురని నేననుకొనను. బెంగుళూరులో శాంకీ రోడ్డు మీదుగా పోవువారు కంచె వెనుక పచ్చిక బయలును, టోపీలు పెట్టుకొని తీరికగా నడచువారిని చూచియుందురు. అది 1876లో ఏర్పడిన క్లబ్బు. ముప్పది సంవత్సరములుగా నేనును ఆ దారిన బస్సులో పోవుచు, ఇది ధనికుల కాలక్షేపమని తలచి, చేతిలోని కాగితములు దిద్దుకొనుచుంటిని. అట్టివాడు వార్షిక సంచికలో గోల్ఫును గూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. ఆటకు ముందు మూడు దినములు జరుగు సాధనను ఒక దినము దగ్గరనుండి చూచితిని. అది పిల్లలు కలవారికి చెప్పదగిన విషయమని తోచి వ్రాయుచున్నాను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జార్జియా రాష్ట్రమున ఆగస్టా అను పట్టణము కలదు. పూర్వము పండ్లచెట్లకును పూలమొక్కలకును నర్సరీగా ఉండిన భూమిలో బాబీ జోన్సు అను ప్రసిద్ధ ఆటగాడును, క్లిఫర్డ్ రాబర్ట్సు అను న్యూయార్కు ధనవ్యాపారియు కలిసి గోల్ఫు మైదానము నొకటి ఏర్పరచిరి. అచ్చట 1934లో మొదలైన పోటీకి మాస్టర్స్ అని పేరు. సాధారణముగా ఏప్రిల్ నెల మొదటి భాగమున, గురువారము మొదలు ఆదివారము వరకు నాలుగు దినములు జరుగును. దినమునకు 18 గుంటలు. కర్రతో కొట్టి బంతిని ఒక్కొక్క గుంటలో పడవేయుటకు నిపుణునికి ఎన్ని దెబ్బలు చాలునో ఆ లెక్కకు పార్ అని పేరు. ఆగస్టాలో 18 గుంటలకును కలిపి పార్ 72. నాలుగు దినములలో అందరికంటె తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలిచినట్లు. ఆట నియమములలో ఇంతమాత్రము తెలిసిన చాలును.

పోటీకి ముందు సోమ, మంగళ, బుధవారములు సాధన దినములు. ఆ దినములలో గూడ ప్రేక్షకులను లోనికి విడుతురు. టిక్కెట్టు దొరకుట మాత్రము అదృష్టము. ముందు సంవత్సరము జూన్ నెలలో దరఖాస్తు పెట్టుకొనవలెను. చీటీలు తీసి ఎంపిక చేయుదురు. అట్లాంటాలో ఉద్యోగము చేయుచున్న మా కుమారునకు 2024వ సంవత్సరమున ఆ చీటీ తగిలినది. సాధన దినమునకు టిక్కెట్టు వెల ఆ యేడు నూరు డాలర్లు. మన డబ్బులో లెక్క వేయవద్దని వాడు ముందే చెప్పెను. నేను మనసులో లెక్క వేసికొని ఊరకుంటిని. ఆ సమయమున మేము దంపతులము వాని యింట నుండుటచేత మువ్వురము కలిసి వెళ్ళితిమి. అట్లాంటానుండి తూర్పుగా కారులో రెండున్నర గంటల ప్రయాణము.

ఆ దినము ఏప్రిల్ 8, సోమవారము. అమావాస్య. మరునాడు క్రోధి నామ సంవత్సర ఉగాది. పైగా ఆ మధ్యాహ్నము అమెరికాలో సూర్యగ్రహణము. ఆగస్టాలో అది పాక్షికమే యైనను సూర్యబింబములో చాల భాగము కప్పబడెను. మైదానము వారు ప్రేక్షకులకు గ్రహణము చూచుటకు తగిన నల్లని కళ్ళజోళ్ళు ఉచితముగా పంచిరి. మా ఇంటివారు కళ్ళజోడు తీసికొనిరి గాని, పట్టు విడుచువరకు ఏమియు ముట్టలేదు. ఒకటిన్నర డాలరుకే దొరకు అచ్చటి ప్రసిద్ధమైన జున్ను రొట్టెలు మా వాడును నేనును తింటిమి.

ద్వారమువద్ద మొదటి ఆశ్చర్యము. చరవాణిని లోనికి తీసికొనిపోరాదు. పోటీ దినములలోనే కాదు, సాధన దినములలో గూడ తీసికొనిపోరాదు. కారులోనే విడిచి వెళ్ళితిమి. లోపల అక్కడక్కడ తీగ టెలిఫోనులు వరుసగా నిలిపియున్నవి. వానితో ఉచితముగా మాటలాడవచ్చును. మా ఇంటివారు ఆ టెలిఫోనుతో కోడలిని పిలిచి, ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరికినదో లేదో కనుగొనిరి. ఫోటో తీయు కెమెరా మాత్రము సాధన దినములలో అనుమతింతురు, పోటీ దినములలో అనుమతింపరు. కావున జనులు బీరువాల అడుగున పడియున్న పాత కెమెరాలను దులిపి తెచ్చుకొనిరి. వేలాది మంది గుమిగూడిన చోట ఒక్కరును తల వంచి చేతిలోని అద్దమును చూడకుండుట నేను చాల కాలమునకు చూచితిని. పరుగెత్తరాదు అను నియమము గూడ కలదు. మన పాఠశాల వసారాలో నేను ఇరువది సంవత్సరములుగా అరచుచున్న నియమము అదే. అచ్చట దానిని పెద్దలు పాటించుచుండిరి.

ఇక ఆట. గుంట ఉన్న నున్నని పచ్చిక వేదికకు గ్రీను అని పేరు. ఒక గ్రీను ప్రక్కన నిలిచి మేము చూచుచుంటిమి. ఒక యువ ఆటగాడు వచ్చెను. వాని బంతి గ్రీనుపై గుంటకు దగ్గరగానే పడెను. నేను చప్పట్లు కొట్టుటకు సిద్ధమైతిని. అతడు ఆ బంతిని తీసి జేబులో వేసికొనెను. పిమ్మట గ్రీను నడుమకు పోయి, గుంటకు వీపు పెట్టి, ఏమియు లేని చోటికి బంతిని తోసెను. అది దొర్లి ఉత్త పచ్చికపై ఆగెను. అతడు తల ఊపెను. మరల తోసెను. ఈసారి బంతి వంపు తిరిగి దూరముగా పోయెను. దానికిని తల ఊపెను. సంచి మోయు సహాయకుడు చిన్న పుస్తకములో ఏదో వ్రాసికొనెను. నాకు మతి పోయినది. గుంట ఒకచోట నుండగా ఇతడు వేరొక చోటికి కొట్టనేల?

"నాన్నగారూ, ఆ గుంట ఇవాళ్టిది. పోటీ రోజుల్లో గుంటను వేరే చోట తవ్వుతారు. ఎక్కడ తవ్వుతారో ఊహించి, అక్కడికి కొడుతున్నాడు" అని మా వాడు చెప్పెను.

అప్పుడు విషయము బోధపడెను. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అనగా నాలుగు అంగుళములకు కొంచె మెక్కువ. దానిని ప్రతి దినము గ్రీనుపై వేరొక చోట తవ్వుదురు. ఆగస్టా గ్రీనులు చూచుటకు నున్నగా ఉన్నను, వంపులు, వాలులు కలవి; టెలివిజనులో చూచినవారికి ఆ ఎత్తుపల్లములు తెలియవు. పదవ గుంటకు ఆరంభించు చోటినుండి క్రిందికి చూచినచో కొండ దిగువకు చూచినట్లుండును. గ్రీనుపై ఒక మూలనుండి తోసిన బంతి తిన్నగా పోవునో, వంపు తిరిగి జారిపోవునో ముందు తెలిసికొన్నవాడే పోటీనాడు నిలువగలడు. కావున సాధననాడు వారు గుంటలో వేయుటకు ప్రయత్నింపరు. భూమిని ప్రశ్నలడుగుదురు. తప్పిపోయిన బంతి వారికి ఒక జవాబు. అందుచేతనే ఆ యువకుడు బంతి ఆగినను, జారిపోయినను ఒకే విధముగా తల ఊపెను. సహాయకునికి కేడీ అని పేరు. అతడు పుస్తకములో వ్రాసికొనునది ఆ జవాబులనే.

తరువాత పండ్రెండవ గుంటకు వెళ్ళితిమి. దూరము 155 గజములే, ఒక్క దెబ్బతో గ్రీను చేరవచ్చును. అయినను ఈ ఆటలో అతి భయంకరమైన చోట్లలో ఇది యొకటి యని చెప్పుదురు. ముందు రేస్ క్రీక్ అను వాగు, వెనుక పూలపొదలు, చుట్టును ఎత్తైన పైన్ చెట్లు. చెట్ల మీద గాలి ఒక దిక్కుననుండును, గ్రీనుపై జెండా మరొక దిక్కున ఆడుచుండును. వాగు గట్టుమీది పచ్చికను పొట్టిగా కత్తిరించి యుంచుటచే, కొంచెము తక్కువ పడిన బంతి ఆగక నీటిలోనికి జారును. 2016లో జోర్డన్ స్పీత్ అను ఆటగాడు చివరి దినమున అందరికంటె ముందుండియు, ఈ మూడు దెబ్బల గుంటకు ఏడు దెబ్బలు తీసికొని పోటీని పోగొట్టుకొనెను. సాధననాడు అదే చోట ఒక ఆటగాడు వరుసగా మూడు బంతులు కొట్టుట చూచితిని. ఒకటి గ్రీను మీద, ఒకటి వెనుక పొదలో, ఒకటి నీటిలో. నీటిలో పడిన దానికి జనులు "అయ్యో" అన్నట్లు మూలిగిరి. అతడు మా వైపు తిరిగి నవ్వి, కేడీ చేతినుండి వేరొక కర్ర తీసికొని నాలుగవది కొట్టెను. అదే తప్పు ఆదివారమునాడు జరిగినచో అతని సంవత్సరమంతయు పాడగును. సోమవారమునాడు అది ఒక బంతి ఖర్చు.

పదునారవ గుంటవద్ద వినోదము. ఆరంభ స్థలమునకును గ్రీనునకును నడుమ చెరువు కలదు. సాధన దినములలో జనులు అచ్చట ఆటగానిని గెంతించుమని కేకలు వేయుదురు. మన పిల్లలు చెరువుగట్టున నిలిచి చిల్లపెంకును నీటిపై గెంతించునట్లు, అతడు బంతిని తక్కువ ఎత్తున బలముగా కొట్టి నీటిమీద దుముకులు వేయించి గ్రీను చేర్చవలెను. చేరినచో పండుగ, మునిగినచో నవ్వు. 2009లో విజయ్ సింగ్, 2012లో మార్టిన్ కైమర్ ఇట్లు నీటిపై గెంతించిన బంతి గ్రీనుపై చుట్టు తిరిగి గుంటలోనే పడెను. 2020 నవంబరులో జోన్ రామ్ గూడ అట్లే చేసెను గాని, ఆ యేడు వ్యాధి భయముచే ప్రేక్షకులు లేరు. చప్పట్లు కొట్టుటకు తోటి ఆటగాండ్రే మిగిలిరి.

మేము బుధవారము చూడలేదు. ఆనాడు ప్రక్కనున్న చిన్న మైదానములో తొమ్మిది గుంటల వినోద పోటీ 1960 నుండి జరుగుచున్నది. ఆటగాండ్ర చిన్న పిల్లలు తెల్లని కేడీ దుస్తులు తొడిగి తండ్రుల వెంట నడుతురు, ఒక్కొక్కప్పుడు తండ్రికి బదులు తామే బంతిని తోయుదురు. ఆ చిన్న పోటీని గెలిచినవాడు అదే వారములో పెద్ద పోటీని గెలుచుట 2025 వరకు ఒక్కసారియు జరుగలేదట. గెలువకుండుటయే మేలని కొందరు ఆటగాండ్రు నవ్వులాటకు చెప్పుకొందురు.

ఇంత అందమైన చోటికి ఒక చీకటి చరిత్రయు కలదు. దానిని దాచి వ్రాయుట నాకిష్టము లేదు. 1975లో లీ ఎల్డర్ అడుగు పెట్టువరకు ఈ పోటీలో నల్లజాతి ఆటగాడు ఒక్కడును ఆడలేదు. 1982 వరకు ఆటగాండ్రందరు క్లబ్బువారు నియమించిన కేడీలనే పెట్టుకొనవలసియుండెను. ఆ కేడీలు నల్లజాతివారు. సంచి మోయుటకు తగినవారు ఆడుటకు తగరైరి. క్లబ్బులో నల్లజాతి సభ్యుని 1990లోను, స్త్రీలను 2012లోను మొదటిసారి చేర్చుకొనిరి. 2019 నుండి అదే మైదానమున స్త్రీల పోటీ చివరి దినపు ఆటయు జరుగుచున్నది. నేను చూచిన పచ్చికపై ఎందరి అడుగులు ఎంత ఆలస్యముగా పడెనో తెలిసికొనియే చూడవలెను.

మనవారి అడుగులును పడినవి. 2000లో ఇచ్చట గెలిచిన విజయ్ సింగ్ ఫిజీ ద్వీపములలోని భారత సంతతివాడు. మన తెలుగువారు గూడ కూలీలుగా ఓడలెక్కి వెళ్ళిన ద్వీపములవి. గెలుపుకంటె సాధనకే అతనికి పేరు ఎక్కువ. అందరు వెళ్ళిపోయిన పిమ్మటను బంతులు కొట్టుచు నిలుచునని తోటివారు చెప్పుకొందురు. 2007లో జీవ్ మిల్ఖా సింగ్ భారతదేశమునుండి ఈ పోటీలో ఆడిన మొదటివాడయ్యెను. ఇక తీగల సాహిత్. ఇంటిపేరు వినగానే తెలియును. హైదరాబాదునుండి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబమున కాలిఫోర్నియాలో 1997లో పుట్టినవాడు. 2023లో మొదటిసారి మాస్టర్సులో ఆడి తొమ్మిదవ స్థానమును పంచుకొనెను. చివరి దినమున పై చెప్పిన పదునారవ గుంటలో గ్రీను వెలుపలినుండియే బంతిని వేసెను. మేము వెళ్ళిన సోమవారము అతనిని చూడవలెనని ఎంత తిరిగినను కనబడలేదు. మా ఇంటివారు తెలుగులో పలుకరింతునని మాట సిద్ధము చేసికొని యుండిరి.

ఆ యువకుని గూర్చి ఇంకొక సంగతి. 2022లో ఫీనిక్సు నగరపు పోటీలో చివరి దినమున గెలుపు చేతికందునంత దగ్గరకు వచ్చి, పదునేడవ గుంటలో బంతి నీటిపాలై, మూడవ స్థానముతో ఆగిపోయెను. ఆట ముగిసి కంట తడి పెట్టుకొన్న కుమారుని తల్లిదండ్రులు దగ్గరకు తీసికొనిరి. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో అతడు మొదటి గెలుపు పొందెను. మన బెంగుళూరు పిల్ల అదితి అశోక్ కథయు ఇట్టిదే. ఆమెకు 2016 రియో ఒలింపిక్కులలో తండ్రి కేడీ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్కులలో తల్లి కేడీ. టోక్యోలో నాలుగవ స్థానము, పతకము ఒక్క మెట్టు దూరములో తప్పినది. ఆ నాలుగు దినములు సంచి మోసిన తల్లి కూతురి ప్రతి దెబ్బను ప్రక్కన నిలిచి చూచియుండును. ఫలితమును పత్రికలో చదివిన మనకు కనబడినది నాలుగు అను అంకె మాత్రమే.

మన పాఠశాల మాటకు వచ్చెదను. చాల సంవత్సరముల క్రిందట మన వార్షికోత్సవపు నాటక సాధనకు తల్లిదండ్రులను రానిచ్చుచుంటిమి. ఒకనాడు ఒక బాలుడు సంభాషణ మరచి, నడుమ కన్నడ మాట దొర్లించి నిలిచిపోయెను. పిల్లలు నవ్విరి. వాని తండ్రి ఏమియు అనక లేచి వెళ్ళిపోయెను. బాలుడు మరునాడు వేషము వద్దనెను. తప్పులు పరుల కంటబడుటయే కీడునకు మూలమని తలచి, ఆనాటినుండి సాధన గది తలుపులు మూయించితిని. అప్పటినుండి మీరు ఉత్సవమునాడు రంగు, దీపములు, తప్పులేని మాటలు మాత్రమే చూచుచున్నారు. ఆగస్టాలో పండ్రెండవ గుంటవద్ద నీటిలో పడిన బంతిని చూచినప్పుడు నాకు ఆ బాలుడు జ్ఞాపకము వచ్చెను. తలుపు మూయుటలో పొరపాటు నాదే.

మన ఇండ్లలో ఇంకొకటి జరుగుచున్నది. వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు, ఇంట తెలుగు మాటలాడు పిల్లలు వత్తులు తప్పుదురు. "అత్త వచ్చింది" అనుటకు బదులు "అత్త వచ్చాడు" అందురు. వేసవిలో అనంతపురమునుండియో చిత్తూరునుండియో వచ్చిన బంధువులు విని నవ్వుదురు. మనమును చుట్టముల ముందు సిగ్గుపడి వెంటనే దిద్దుదుము. పిల్లవాడు రెండు మూడు సారులు ఓర్చుకొని, పిమ్మట చుట్టములు వచ్చినప్పుడు పెదవి విప్పడు. వాడు తెలుగు మరచెనని మనము నాయొద్దకు వచ్చి చెప్పుదుము. వాడు మరువలేదు. ప్రతి సాయంకాలమును మనము వానికి ఆదివారపు పోటీగా చేసితిమి. సోమవారము వాని కెప్పుడును దొరకలేదు. ఈ మాట మా ఇంటి మనుమరాలిని గూర్చియు చెప్పుచున్నాను. అట్లాంటాలో అది నన్ను "తాతగారు, మీరు కూర్చో" అనగా నేను నాలుగు మారులు దిద్దితిని. ఆగస్టానుండి తిరిగి వచ్చిన రాత్రి దిద్దలేదు. అది ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కడ దాచితిమో చూపుదునని, తన తెలుగులో అరగంటసేపు కబుర్లు చెప్పెను.

ఈ విద్యా సంవత్సరమునుండి వార్షికోత్సవ నాటక సాధన మంగళ, గురువారములలో సాయంకాలము నాలుగున్నరకు పెద్ద హాలులో జరుగును. తలుపులు తెరచి యుండును. వచ్చి వెనుక బల్లలపై కూర్చుండవచ్చును. నడుమ లేచి పోకుండుడు. సంభాషణ మరచిన వారికి వేదిక క్రిందినుండి అందించు పని మేము చూచుకొందుము. ఫోటో తీయుటకు పాత కెమెరా ఉన్నవారు తెచ్చుకొనవచ్చును. చరవాణులు మాత్రము ద్వారమువద్ద బంట్రోతుకు అప్పగించి, చీటీ తీసికొనవలెను.